మోగే కత్తి, తెగని చాప: ఒక కేస్ స్టడీ

కేసు చెప్పడానికి చిన్నదే. కత్తి గాలిలో అద్భుతంగా మోగుతోంది. చాప మీద పడేసరికి తెగడం లేదు.

టోక్యోలో నేను ఇయైదో (ఒర నుంచి కత్తి దూసి వేటు వేసే జపనీయుల విద్య) సాధన చేసే డోజోకి, అంటే సాధనశాలకి, వచ్చిన ఒక తెలుగు కుర్రాడిది ఈ కేసు. నేనక్కడ సీనియర్‌ని, గురువును కాను. మా గురువు, అంటే సెన్సే, తన కళ్ల ముందే ఉంచుకుని, ఈ కుర్రాడి వేటును గమనించే పని నాకు అప్పగించారు. భాష కలుస్తుంది కాబట్టి నాకిచ్చారనుకుంటాను. కత్తి శబ్దాన్ని నమ్మి దారి తప్పేవాళ్లనూ, అసలు దాన్ని పట్టించుకోకుండా మంచి గురువును పోగొట్టుకునేవాళ్లనూ చాలామందిని చూశాను. ఆ ఇద్దరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కుర్రాడు కృష్ణా జిల్లా వాడు. చిన్నప్పుడు ఊళ్లో కర్రసాము నేర్చుకున్నాడు. ఒంట్లో వేగం ఉంది, భుజాలు కలిసొస్తాయి, భయం లేదు. రోజూ వాడేది ఇయైతో, అంటే వాదర లేని సాధన కత్తి. జపాన్‌లో ఉక్కు కత్తి దగ్గర ఉంచుకోవాలంటే దానికి తొరోకుషో అనే నమోదు పత్రం ఉండాలి. అందుకని ఇలాంటి సాధన కత్తులను అల్యూమినియం, జింక్ కలిసిన మిశ్రమలోహంతో పోత పోస్తారు. ఇతనిది 2 షాకు 4 సున్ 5 బు పొడవు, అంటే 74 సెంటీమీటర్లు. రెండు పక్కలా వెన్నుకు దగ్గరగా వెడల్పాటి గాడి ఉంది. జపనీయులు దీన్ని ‘హి’ అంటారు. బరువు తగ్గించడం గాడి చేసే ఒక పని, కత్తిని మోగించడం రెండోది.

ఇతని కత్తి ఎంత మోగేదంటే, పక్క వరుసలో వాళ్లు తిరిగి చూసేవారు. కూర్చున్న చోటి నుంచే మొదలయ్యే ‘మాయే’ అనే మొదటి కతాలో (ముందే నిర్ణయించిన కదలికల వరుసలో), రెండు చేతులతో పై నుంచి కిందికి దింపే వేటు దగ్గర సుయ్‌మని ఒక పొడవాటి ఈల. అది విన్నవాడెవడైనా వేటు బాగుందనే అనుకుంటాడు.

తమెషిగిరి రోజున అసలు సంగతి బయటపడింది. తమెషిగిరి అంటే నిజమైన వాదర ఉన్న కత్తితో తడి చాపను నరికి చూసుకోవడం. తతామి పైపొరగా వాడే ఇగుసా గడ్డి చాపను గట్టిగా చుట్టి, తాళ్లు కట్టి, ఒక పూటో రాత్రంతానో నీళ్లలో నానబెడతారు. తర్వాత నీరు ఓడ్చి, చెక్క పీఠం మీదున్న మేకుకు నిలువుగా గుచ్చుతారు. దాని మీద మొదట నేర్పేది కెసాగిరి, భుజం నుంచి ఏటవాలుగా దిగే వేటు. కుర్రాడు సెన్సే కత్తితో కొట్టిన మొదటి వేటుకు చాప పీఠంతో సహా పక్కకు పడింది. తర్వాతి వేటు సగం దాటి, లోపలే ఇరుక్కుపోయింది. సెన్సే వెంటనే కత్తి తీసుకుని, పిడి దగ్గర్నుంచి వెన్ను వెంట ఒక కన్ను మూసి చూశారు. వాదర పక్కకు తిరిగి ఉండగా తడి చాపలో ఇరుక్కుంటే కత్తి వంగిపోతుంది. అదృష్టవశాత్తూ వంగలేదు. ఆ రోజుకు కోత ఆపించారు.

“అన్నా, కత్తి అంత బాగా మోగింది కదా, ఎందుకు తెగలేదు?” అని అడిగాడు. సరైన ప్రశ్న. ఆ ప్రశ్నే మా పనికి మొదలు.

కత్తి ఎందుకు మోగుతుంది

గాలిలో వేగంగా కదిలే సన్నని వస్తువు వెనకాల, ఒకసారి ఇటు ఒకసారి అటు చిన్న సుడులు విడివడుతూ పోతాయి. ఆ సుడులు విడివడే లయే మనకు స్వరంగా వినిపిస్తుంది. చెక్ భౌతిక శాస్త్రవేత్త విన్సెంట్స్ స్ట్రౌహాల్ 1878లో దీని మీద రాసిన వ్యాసంలో ఒక సులువైన సంబంధం చూపించాడు. గుండ్రటి కడ్డీ అయితే వేగాన్ని మందంతో భాగించి, సుమారు 0.2తో గుణిస్తే స్వరం పౌనఃపున్యం వస్తుంది. కత్తి వెన్ను 7 మిల్లీమీటర్లు, మొన వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుంటే 570 హెర్ట్జ్ దాకా తేలుతుంది. గాడి ఉన్న కత్తికి ఈ లెక్క అచ్చంగా సరిపోదు. గాలి ఆ గాడి అంచుల మీదుగా జారేటప్పుడు ఇంకో శబ్దం కూడా కలుస్తుంది. అయినా వేగం, మందం, కోణం మారితే శబ్దం మారుతుందన్న మూల విషయం మాత్రం అదే.

సాధకుడికి ఇంతకన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటుంది. ఈ రకం శబ్దం శక్తి, వేగం ఆరో ఘాతంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శబ్దం 64 రెట్లు, అంటే 18 డెసిబెల్స్ ఎక్కువ. పది శాతం వేగం పెరిగినా శబ్ద శక్తి ఒకటీ ముప్పాతిక రెట్లవుతుంది. కాబట్టి మన చెవిన పడేదంతా దాదాపు కత్తి అత్యంత వేగంగా ఉన్న ఆ క్షణానిదే, అత్యంత వేగంగా కదిలే ఆ మొన దగ్గరి భాగానిదే. మొన వేగంలో ముప్పాతిక వంతుతో కదిలే మధ్య భాగాన్ని తీసుకోండి. అంతే పొడవు ముక్క నుంచి అక్కడ ఐదో వంతు శబ్దం కూడా రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

ఇక కోణం. వాదర ఏ దారిలో పోతోందో, కత్తి పలక కూడా సరిగ్గా అదే తలంలో ఉండటాన్ని ‘హసుజి’ అంటారు. హసుజి కుదిరినప్పుడు గాలి రెండు వైపులా గాడి మీదుగా సమంగా జారుతుంది, స్వరం సన్నగా, శుభ్రంగా వస్తుంది. పలక కాస్త పక్కకు వాలితే ఒక వైపు గాలి ఒరుసుకుపోకుండా విడిపోతుంది. అప్పుడు ఈల పోయి బుస్సుమనే గరుకు శబ్దం మిగులుతుంది. గాడి లేని కత్తికి ఈ సాయం ఉండదు. దాన్ని మోగించాలంటే వేగమూ కావాలి, హసుజీ కుదరాలి. అప్పుడు కూడా పొట్టిగా, లోపలి నుంచి వచ్చినట్టుండే శబ్దమే వస్తుంది. లోతైన గాడి ఉన్న తేలికపాటి ఇయైతో మాత్రం కొత్తవాళ్లకు తొందరగా పలుకుతుంది. అది మంచిదే, ఉత్సాహం వస్తుంది. కానీ ఎంత గట్టిగా మోగిందన్నది వేగం గురించి చెబుతుందే తప్ప, చాప దగ్గర ఏం జరుగుతుందో చెప్పదు.

ఎక్కడ మోగింది?

నేను మొదట చేసిన పని అతన్ని పక్క నుంచి వినడం. ఎదురుగా నిలబడే ప్రసక్తి లేదు. వాదర లేని కత్తి అయినా, ఊపే దారిలో మనిషి ఉండకూడదు. పిడిలో కత్తిని పట్టి ఉంచేది మెకుగి అనే చిన్న వెదురు మేకు ఒక్కటే. అందుకే సాధనకు ముందు వినాల్సిన మొదటి శబ్దం గాలిది కాదు. కత్తిని నెమ్మదిగా కదిలిస్తూ పిడి దగ్గర చెవి పెట్టాలి. టిక్‌టిక్ అని వదులు శబ్దం వస్తే ఆ రోజు ఆ కత్తిని పక్కన పెట్టేయాలి. ఇతని కత్తి అలాంటి శబ్దమేదీ చేయలేదు.

పక్క నుంచి వింటే తేలిన సంగతి ఇది. శబ్దం చాలా ముందే మొదలవుతోంది. చేతులు ఇంకా నుదుటి దగ్గర ఉండగానే, మొన తల వెనక నుంచి పైకి లేస్తుండగానే ఈల పతాక స్థాయికి చేరుతోంది. చాప నిలబడే ఎత్తుకు వచ్చేసరికి స్వరం విరిగి, గరగరమని, ఆపైన అణగిపోతోంది. సెన్సే ఇదే మాటను తన పద్ధతిలో అన్నారు: “వెనకాల కోస్తున్నాడు, ముందు ఏమీ లేదు.”

ఇక్కడ ఒక కిటుకు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. కత్తి పట్టినవాడి చెవికి కత్తి అత్యంత దగ్గరగా ఉండేది తల పైనుంచి వెళ్లేటప్పుడే. చాప దగ్గరికి వెళ్లేసరికి అది చెవికి దూరమవుతుంది. అందుకని వెనకాల పుట్టే శబ్దం అతనికి పెద్దగా వినిపిస్తుంది, ముందు పుట్టే శబ్దం చిన్నగా. చెవి మెచ్చుకునే దాన్నే చెయ్యి మళ్లీ మళ్లీ చేస్తుంది. ఒంటరిగా శబ్దం కోసమే సాధన చేసేవాడు తెలియకుండానే వేగాన్ని వెనక్కి తెచ్చుకుంటాడు. ఈ కుర్రాడు అద్దె ఇంటి దగ్గరి పార్కులో చెక్క కత్తితో ఒంటరిగా సాధన చేసేవాడు. ఆ చెక్క కత్తికి కూడా గాడి ఉంది.

చెవితో తేలినదాన్ని ఫోన్‌తో సరిచూశాం. చాప ఎత్తులో, పక్కగా, ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీశాం. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య 4 మిల్లీ సెకన్ల పైచిలుకు. సెకనుకు 20 మీటర్ల వేగంలో ఆ సందులో మొన 8 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మరీ సూక్ష్మం కాదు, కానీ మా ప్రశ్నకు సరిపోతుంది. శబ్దాన్నీ బొమ్మనూ కలిపి చూసేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున వస్తుంది కాబట్టి, ఫోన్ 3 మీటర్ల దూరంలో ఉంటే రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. అది తీసేసి చూస్తే చెవి చెప్పిందే నిజమైంది. శబ్దం పతాక స్థాయికి చేరినప్పుడు కత్తి ఇంకా దాదాపు నిలువుగానే ఉంది.

వీడియోలో ఇంకో సంగతి కనిపించింది. చాప ఎత్తు దగ్గర కత్తి ఒక గీతలా కనబడాలి. ఇతనిది ఒక్క క్షణం వెడల్పుగా, తళుక్కుమంది. అంటే పలక తిరిగిపోయింది. స్వరం విరిగిన చోటూ ఇదే.

కర్ర అలవాటు

కారణం కోసం ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. “నీ కర్రసాము ఒకసారి చూపించు” అన్నాను. చెక్క కత్తి తీసుకుని తిప్పాడు. చూడముచ్చటగా ఉంది. మణికట్టులోంచి వేగం పుడుతోంది, కుడి చెయ్యి నడిపిస్తోంది, అరచేతుల్లో కర్ర దొర్లుతోంది. కర్రకు అది తప్పు కాదు, అదే దాని బలం. గుండ్రటి కర్రకు వాదర లేదు. ఏ వైపు తిరిగినా గాలికి ఒకటే, రివ్వుమని మోగుతుంది. స్ట్రౌహాల్ లెక్క అచ్చంగా పనిచేసేది కర్రకే. చేతిలో అది ఎంత దొర్లినా శబ్దం చెడదు కాబట్టి, ఆ దొర్లడం తప్పని చెవి ఎన్నడూ చెప్పదు.

కత్తి దగ్గర అదే దొర్లడం హసుజిని మింగేస్తుంది. మొదట మణికట్టు విసురుతో వేగం వచ్చేసింది, శబ్దమూ వచ్చింది. తర్వాత కుడి చెయ్యి బొటనవేలూ చూపుడువేలూ పిడిని నొక్కిపట్టి కత్తిని ఆపడం మొదలుపెట్టాయి. ఆ నొక్కుడుకు పిడి తిరిగింది, దానితో పాటే వాదర. దీనికి ఇయైదో అలవాటు కూడా తోడైంది. ‘మాయే’లో వేటును మొన కాస్త కిందికి వాలిన చోట ఆపాలి. ఎక్కడ ఆపాలో ముందే తెలిసిన చెయ్యి అక్కడికి చేరకముందే బ్రేకు వేస్తుంది. చాప దాటి పోవాల్సిన వేటు చాప దగ్గరే అలిసిపోతోంది.

సగం తెగిన ఆ చాపను విప్పి చూసినా ఇదే కథ. సరైన ఏటవాలు వేటుకు కోత ముఖం బల్లపరుపుగా ఉంటుంది. ఇతని కోత పైన నిటారుగా మొదలై, లోపలికి పోయేకొద్దీ అడ్డంగా తిరిగి, గరిటెలా గుంట తేలింది. గడ్డి పోచలు తెగకుండా నలిగి, పీచులు పీచులుగా బయటికి వచ్చాయి.

ఏం చేశాం

ముందు అతని కత్తి తీసుకుని, గాడి లేని ఇయైతో ఇచ్చాను. డోజోలో ఒకటి ఉంది, కాస్త బరువు. ఊపాడు, శబ్దమే లేదు. ముఖం వాడిపోయింది. “నేనింత కాలం నేర్చుకున్నదంతా గాడి గొప్పేనా అన్నా?” అన్నాడు. “కాదు తమ్ముడూ, వేగం నీదే. దాన్ని ముందుకు తేవాలి” అన్నాను. నిజంగానే అంతే. వేగం లేనివాడికి వేగం నేర్పడం చాలా కష్టం. ఉన్న వేగాన్ని చోటు మార్చడం సాధ్యమయ్యే పని.

కొన్ని వారాల పాటు ఎడమ చెయ్యి ఒక్కదానితో చెక్క కత్తి ఊపించాం. చిటికెన వేలూ ఉంగరపు వేలూ పిడి చివర పట్టి ఉంచాలి, బొటనవేలూ చూపుడువేలూ వదులుగా ఉండాలి. ఒక్క ఎడమ చేత్తో మణికట్టు విసురు సాగదు. బరువు ఆగదు కాబట్టి, మొనను ముందుకు సాగదీస్తూ దించడం తప్ప వేరే దారి ఉండదు. తర్వాత కుడి చేతిని పిడి మీద ఊరికే ఆనించాం. ఈ దశలో నెమ్మదిగా, శబ్దం రాని వేగంలోనే ఊపమన్నాం. ఇది అతనికి అన్నిటికన్నా కష్టమైంది. శబ్దం వింటూ సాధన చేయడం అలవాటైనవాడికి నిశ్శబ్దంగా ఊపడం అంటే ఏమీ చేయనట్టే ఉంటుంది. సాధనలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఆ దశే. శబ్దం లేనప్పుడే చేతికి వాదర ఎటు ఉందో తెలియడం మొదలవుతుంది.

అప్పుడు అతని గాడి కత్తి తిరిగి ఇచ్చి, ఒక్కటే నియమం పెట్టాం: చేతులు ముఖం దాటి ముందుకు వెళ్లాకే శబ్దం మొదలవ్వాలి, చాప ఉండే చోటు దాటాకే ఆగాలి. ఎంత చిన్నగా ఉన్నా పర్వాలేదు. మొదట్లో శబ్దం సగానికి పడిపోయింది. తర్వాత పొట్టిగా, పదునుగా, ముందు వైపు ‘షుప్’ అని ఒకటి రావడం మొదలైంది. పాత ఈలతో పోలిస్తే ఇది వినసొంపు కాదు. పక్క వరుసలో ఎవరూ తిరిగి చూడలేదు. సెన్సే మాత్రం తల ఊపారు.

కుడి భుజం నుంచి దిగే వేటుకు స్వరం తొందరగా శుభ్రపడింది. ఎడమ భుజం నుంచి దిగేది మొండికేసింది. అదే కత్తి, అదే గాడి, అదే మనిషి. ఒక వైపు షుప్, ఇంకో వైపు బుస్. ఎంత గట్టిగా ఉందని చూడకుండా రెండు వైపులనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి వినడం, శబ్దంతో చేయగల అత్యంత నమ్మకమైన పరీక్ష అని నా అభిప్రాయం. గది, గాడి లోతు, వినే దూరం అన్నీ రెంటికీ ఒకటే కాబట్టి, తేడా వస్తే అది చేతిదే. వేరొకరి కత్తితో మన కత్తి శబ్దాన్ని పోల్చడంలో ఏ అర్థమూ లేదు. చెక్క నేల ఉన్న హాల్లో మోగిన కత్తి, తివాచీ పరిచిన గదిలో మూగదైపోతుంది.

శబ్దం చెప్పలేనిది

మళ్లీ చాప ముందుకొచ్చాం. గాలి శబ్దం ముందు వైపు వచ్చింది, శుభ్రంగా వచ్చింది. చాప తెగింది కూడా, కానీ పీఠం ఊగింది. కోత ముఖం మునుపటికన్నా మెరుగే, అయినా చివర్లో నలిగింది.

సెన్సే కత్తి తుడవకముందు నాకు చూపించారు. తడి చాప కత్తి మీద తన జాడ వదిలిపెడుతుంది, సన్నని నీటి చారా, గడ్డి పసరూ. ఆ జాడ కత్తి మధ్యలో ఉంది. ఉండాల్సింది మొనకు దగ్గరగా, మోనోఉచి అనే భాగం మీద. కుర్రాడు చాపకు మరీ దగ్గరగా నిలబడుతున్నాడు. గాలిలో కొట్టినప్పుడు ఇది ఏ చెవికీ దొరకదు. ముందే చెప్పినట్టు, మనం వినేదంతా మొన దగ్గరి శబ్దమే. మధ్య భాగం ఎక్కడుందో శబ్దం చెప్పదు. మొన అందంగా మోగుతూ చాప అవతలికి దాటిపోతుంటే, వేగం తక్కువున్న మధ్య భాగం చాపను తోస్తోంది. అడుగులో సగం వెనక్కి జరిపాం.

దూరం గురించి చెప్పే శబ్దం ఒకటుంది, అది పీఠం చేసేది. గాలి శబ్దాన్ని అందరూ వింటారు, పీఠాన్ని వినేవాళ్లు తక్కువ. వాదర సరిగా దిగితే చాపను కోస్తుంది, తోయదు. పీఠానికి తగిలే పక్కపోటు చాలా తక్కువ. చాప చెప్పే మాట ‘సప్’ అని పొట్టిగా ఉంటుంది, పై ముక్క ఒక్క క్షణం అక్కడే నిలిచి జారుతుంది, పీఠం మాట్లాడదు. వాదర తిరిగినా, దూరం తప్పినా ‘ధబ్’మని మొద్దు శబ్దం వస్తుంది, వెంటనే పీఠం కాళ్లు నేల మీద టకటకమంటాయి. మేకు మీద చాప వదులుగా ఉన్నా పీఠం టకటకలాడుతుంది కాబట్టి, గుచ్చేటప్పుడే చేత్తో కదిపి చూసుకోవాలి.

ఇంకో పరిమితి కూడా చెప్పాలి. వాదర తగిలిన తర్వాత చెయ్యి ఏం చేస్తుందో గాలి శబ్దం అసలు చెప్పదు. గాలిలో ఎదురు ఉండదు. తడి చాప ఎదురు తిరిగినప్పుడే పట్టు తిరుగుతుందో నిలుస్తుందో తేలుతుంది. అందుకే గాలిలో మోగించడం ఒక్కటే సాధనగా పెట్టుకున్నవాళ్లకు సంవత్సరాల తరబడి తమ పట్టు గురించి తెలియకుండా పోవచ్చు. చాప నరికే అవకాశం దొరకని సాధకులు చాలామందే ఉన్నారు. వాళ్లు ఎవరితోనైనా పక్క నుంచి వినిపించుకుని, శబ్దం మొదలయ్యే చోటు, విరిగే చోటు చెప్పించుకుంటే సగం పని అవుతుంది.

ఇప్పుడు ఈ కుర్రాడి కుడి కెసా బల్లపరుపుగా తెగుతోంది, పీఠం కదలడం లేదు. ఎడమ వైపు కోత చివరి రెండు వేళ్ల మేర ఇంకా గుంట తేలుతోంది, అక్కడే స్వరంలో ఆ బుస్ కూడా మిగిలి ఉంది. కింది నుంచి పైకి లేచే కిరియాగె నేర్పమని అడుగుతున్నాడు. ఎడమ ముఖం చదును అయ్యేదాకా వద్దని సెన్సే అన్నారు. అప్పటిదాకా ఎడమ వైపు ఏటవాలు వేట్లు గాడి లేని కత్తితోనే, నెమ్మదిగానే. ఈ మధ్య పార్కుకు కూడా గాడి లేని చెక్క కత్తినే తీసుకెళ్తున్నాడు.